పేగు నలగకుండా పట్టుకోవాలంటే డిబేకీ ఫోర్సెప్సే

సర్జరీ పీజీలో చేరిన జూనియర్లు ఏ ఫోర్సెప్స్ (ఆపరేషన్‌లో పేగు, నాళాల్లాంటివి పట్టుకునే పట్టకారు) కొనాలి అన్నా అని అడుగుతుంటారు, నా ఓటు డిబేకీకే. హ్యూస్టన్‌లో గుండె, రక్తనాళాల ఆపరేషన్లు చేసిన మైకేల్ డిబేకీ పేరు మీద వచ్చిందిది, కానీ రక్తనాళాలకే కాదు, పేగు కుట్టేటప్పుడు కూడా చేయి ముందు దీనికే పోతుంది. గొప్పంతా కొనలోనే ఉంది. ఒక వైపు సన్నటి గాట్లు రెండు వరసలు, ఎదురుగా ఒకటే వరస, అదొచ్చి ఆ రెండిటి మధ్య సరిగ్గా కూర్చుంటుంది, అందుకే గట్టిగా నొక్కక్కర్లేదు, టిష్యూ జారదు. అలాగని పిసికేస్తే ఇదీ నలిపేస్తుంది, దయచేసి మెల్లగా పట్టుకోండి, లోపలున్నది ఒక మనిషి పేగు. ఆడ్సన్ అని ఇంకో రకం ఫోర్సెప్స్ ఉంటుంది, అందులో పళ్ళున్నది చర్మానికి ఉంచుకోండి, పేగుకి వద్దు, చిల్లు పడుతుంది.

నేను తీసుకుంది 20 సెంటీమీటర్ల స్టీల్‌ది, కొన 2 మిల్లీమీటర్లు. పట్టు చాలా బాగుంది, స్ప్రింగే కాస్త బిరుసు, పెద్ద కేసుల్లో బొటనవేలు లాగేస్తుంది, అందుకే రేటింగ్‌లో ఒక స్టార్ తగ్గించా. బడ్జెట్ ఉంటే టైటానియంది చూడండి, తేలిగ్గా ఉంటుంది. ఇంతకుముందు ఆన్‌లైన్‌లో చవగ్గా వచ్చిందని ఇంకోటి తెప్పిస్తే నొక్కగానే కొనలు పక్కకి తప్పుకునేవి, వెనక్కి పంపేశా. కాబట్టి కొనేముందు వెలుతురుకి ఎదురుగా పెట్టి మూసి చూడండి, ముందు కొనలే కలవాలి, గ్లవ్ ముక్క పట్టి లాగితే జారకూడదు, చిరగకూడదు. ఇంకోటి, దీంతో సూది పట్టుకోవద్దు, ఆ గాట్లు పాడైపోతాయి.