తవ్విన రోడ్డు, అప్పుగా అందిన సాయం: ఒక మ్యాచింగ్ సెంటర్ యజమాని సమీక్ష

వరంగల్ నుంచి బస్సులో గంటన్నర దూరంలో ఉన్న ఒక మున్సిపల్ పట్టణంలో పదకొండేళ్లుగా నేను మ్యాచింగ్ సెంటర్ నడుపుతున్నాను. చీరల ఫాల్స్, జాకెట్ల లైనింగు, టూ బై టూ గుడ్డ, లంగాలు, హుక్కులు, దారపు కండెలు అమ్ముకునే పదడుగుల మడిగె అది. కిరాయి నెలకు 7,000 రూపాయలు. గత సంవత్సరం బతుకమ్మ పండుగకు మూడు వారాల ముందు మా వీధిలో రోడ్డు వెడల్పు పనీ మోరీ పనీ కలిపి మొదలుపెట్టారు. సంక్రాంతి దాటిన ఇరవై రోజులకు గానీ మా వరుస ముందున్న కాల్వ మీద పక్కా పలకలు పడలేదు. ఆ ఐదు నెలల్లో ప్రభుత్వం నుంచి ఏదైనా ఆర్థిక సాయం దొరుకుతుందేమోనని నేను తిరిగిన దారుల గురించి, అందులో ఏది ఎంతవరకు అక్కరకు వచ్చిందో ఇక్కడ రాస్తున్నాను. పట్టణం పేరూ బ్యాంకు శాఖ పేరూ రాయడం లేదు. నాకు కనిపించిన లోపంలో ఎక్కువ భాగం మనుషులది కాదు, పథకాలను రాసిన తీరుది.

ముందుగా నష్టం ఎలా వచ్చిందో చెప్పాలి, ఎందుకంటే దాన్ని కొలిచే పద్ధతి ఏ పథకంలోనూ లేదు. ట్యూబులైటు వెలుగులో నెమలికంఠం రంగు, రామా గ్రీన్ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. అందుకే చీర తెచ్చిన ఆడవాళ్లు లైనింగు తాను అంచును కొంగు మీద పరుచుకుని, గడప దాటి మెట్టు మీదకు వచ్చి, ఎండలో అటూ ఇటూ తిప్పి చూసుకున్న తర్వాతే కొలవమంటారు. ఆ మెట్టును జేసీబీ మొదటి రోజే పెకలించింది. దాని స్థానంలో నాలుగడుగుల లోతు కాల్వ వచ్చింది. దాని మీద మా సొంత డబ్బుతో రెండు సెంట్రింగు చెక్కలు వేసుకున్నాం. చంటిబిడ్డను ఎత్తుకున్న తల్లి ఆ చెక్కల మీద నడవదు, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ అసలే నడవదు. దుమ్ము సంగతి ఇంకో రకం. పాలిథిన్ కవరు మడతల్లోంచి కూడా లోపలికి దూరి తెల్ల లైనింగు తానుల అంచులను గోధుమ రంగుకు మార్చేసింది. ఉతికితే మరక పోతుంది గానీ దాంతోపాటు గంజి కూడా పోతుంది, గంజి పోయిన గుడ్డను కొత్తదని చెప్పి అమ్మలేము.

రోజుకు సగటున 3,500 రూపాయలుండే గిరాకీ 1,100కు పడిపోయింది. నెలకు 26 రోజుల లెక్కన ఐదు నెలలకు 3,12,000 రూపాయల అమ్మకం తగ్గింది. వందకు ఇరవై రెండు రూపాయల మిగులు వేసుకుంటే నా చేతికి రాకుండా పోయింది సుమారు 68,000. బతుకమ్మ ముందు వారంలో మామూలుగా వచ్చే రెట్టింపు గిరాకీని ఈ లెక్కలో కలపలేదు. ఎప్పుడూ ఖాతా పుస్తకం రాసే అలవాటు ఉండడం వల్ల ఈ అంకెలు చెప్పగలుగుతున్నాను. మా వరుసలోని తొమ్మిది మడిగెల్లో మిగతా వారెవరికీ ఇంతటి లెక్క లేదు.

మొదట విచారించింది పీఎం స్వనిధి గురించి. 2020 జూన్‌లో, కొవిడ్ కాలంలో వీధి వ్యాపారుల కోసం మొదలైన పథకం ఇది. తొలి విడత 10,000 రూపాయలుగా ఉన్న అప్పును 2025 ఆగస్టులో 15,000కు, రెండో విడతను 20,000 నుంచి 25,000కు పెంచి, పథకాన్ని 2030 మార్చి వరకు పొడిగించారు. మూడో విడత 50,000 అలాగే ఉంది. సకాలంలో కడితే వడ్డీలో 7 శాతం రాయితీ ఖాతాలో పడుతుంది, పూచీకత్తు అడగరు. నాకు ఇది వర్తించదని మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) తరఫున మా వాడలో పని చూసే ఆర్పీ (రిసోర్స్ పర్సన్) మొదటి నిమిషంలోనే తేల్చి చెప్పింది: "అన్నా, మీది షట్టరున్న మడిగె. ఇది రోడ్డు మీద అమ్ముకునేటోళ్లకే వస్తది." ఆమె చెప్పింది నిబంధన ప్రకారం సరైనదే.

అయితే మా మడిగె ముందు మిర్చి బజ్జీల బండి పెట్టుకునే అక్క ఉంది. తొలి విడత తీర్చి రెండో విడతకు అర్హురాలై ఉన్న ఆమె, "తమ్మీ, కాగితాల పని నువ్వే చూడాలె" అని దరఖాస్తు నా చేతిలో పెట్టింది. వీధి వ్యాపారి గుర్తింపు కార్డు, ఆధార్, ఫోన్ నంబరు, బ్యాంకు పుస్తకం తప్ప వేరే కాగితం ఏదీ అడగలేదు. పద్దెనిమిదో రోజున 25,000 ఖాతాలో పడ్డాయి, నెల వాయిదా 1,525 రూపాయలు. ఆమె బండిని వంద గజాల అవతల, తవ్వకం లేని మూలకు తోసుకుని వెళ్లి, ఆ డబ్బుతో కొత్త బర్నరు, పెద్ద మూకుడు కొనుక్కుని, వారం రోజుల్లోనే మునుపటి గిరాకీలో మూడు వంతులు తెచ్చుకుంది. బండిని ఖాళీ చేయించాలన్నా, వేరే చోటికి పంపాలన్నా 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం 30 రోజుల ముందస్తు నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు ఆమెకు అందింది కూడా. ట్రేడ్ లైసెన్సు రుసుము కడుతూ, కరెంటు బిల్లు వాణిజ్య రేటు మీద చెల్లించే నాకు అటువంటి నోటీసు ఏదీ రాలేదు. ఆమెకు వచ్చిందని నాకు కడుపుమంట లేదు. బండికి చక్రాలున్నాయి, షట్టరుకు లేవు. కదలలేని వాడి గురించి ఆలోచించిన చట్టం మాత్రం నాకు కనిపించలేదు. స్వనిధికి, అది ఎవరి కోసం పెట్టారో వారి వైపు నుంచి చూస్తే, ఐదింటికి నాలుగు మార్కులు ఇస్తాను.

రెండో దారి ముద్రా రుణం. 2015 ఏప్రిల్ 8న మొదలైన ఈ పథకంలో 50,000 వరకు శిశు, 5 లక్షల వరకు కిశోర్, 10 లక్షల వరకు తరుణ్ అనే విభాగాలున్నాయి. తరుణ్ అప్పు తీర్చిన వారికి 20 లక్షల వరకు ఇచ్చే తరుణ్ ప్లస్‌ను 2024లో చేర్చారు. పూచీకత్తు లేదు, కానీ స్వనిధి మాదిరిగా వడ్డీ రాయితీ కూడా లేదు. చాలామంది దీన్ని సబ్సిడీ పథకం అనుకుని బ్యాంకుకు వెళ్తారు, అది పొరపాటు. నేను కిశోర్ కింద రెండు లక్షలు అడిగాను. ఉద్యం సర్టిఫికెట్ (చిన్న వ్యాపారాల నమోదు పత్రం), కిరాయి ఒప్పందం, ట్రేడ్ లైసెన్సు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ అడిగారు. ఉద్యం నమోదుకు పైసా ఖర్చు లేదు, ఇంటర్నెట్ సెంటరులో అరగంట పని. దానికి వెయ్యి రూపాయలు అడిగే మధ్యవర్తులు మా దగ్గర ఉన్నారు కాబట్టి ఈ మాట రాస్తున్నాను.

చిక్కంతా స్టేట్‌మెంట్ దగ్గర వచ్చింది. పని మొదలైన నాలుగో నెలలో వెళ్లడం వల్ల చివరి ఆరు నెలల్లో నాలుగు నెలలు తవ్వకం నెలలే. "టర్నోవర్ పడిపోయింది కదండీ, రెండు లక్షలు ఎట్ల రాయమంటరు?" అని అధికారి మర్యాదగానే అడిగారు. రోడ్డు తవ్వడం వల్లే పడిపోయిందని ఫోన్‌లోని ఫొటోలు చూపించాను. ఆయన చూశారు, అయ్యో అన్నారు, కానీ ఫొటోను ఎక్కించే గడి ఆయన కంప్యూటరులో లేదు. నా నష్టానికి రుజువుగా నిలిచే కాగితమే నా అర్హతను కోసేసిన కాగితం అయింది. చివరికి 80,000 మంజూరైంది. మూడేళ్ల గడువు, నెల వాయిదా దాదాపు 2,640 రూపాయలు, మొత్తం వడ్డీ 15,000. అంటే సాయం తీసుకున్న తర్వాత నా నష్టం 68,000 నుంచి 83,000 అయింది.

ఇంత రాసినా ముద్రాను తీసిపారేయను. ఆ 80,000 లేకపోతే వరంగల్ హోల్‌సేల్ షాపులో పాత బాకీ తీర్చలేక, మాఘమాసం పెళ్లిళ్లకు కొత్త సరుకు తెచ్చుకోలేక, మా దగ్గర గిరిగిరి అని పిలిచే రోజువారీ ఫైనాన్స్ దగ్గరకు వెళ్లేవాణ్ని. 9,000 చేతిలో పెట్టి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేసే ఆ లెక్కతో పోలిస్తే బ్యాంకు వడ్డీ ఎంతో నయం. మా వరుసలో ఇద్దరు ఆ దారిలోనే వెళ్లారు. అప్పుగా చూస్తే ముద్రాకు మూడున్నర. తవ్వకాల వల్ల దెబ్బతిన్న వారికి ఇచ్చే సాయంగా చూస్తే ఒకటే, ఎందుకంటే గిరాకీ లేకున్నా వాయిదా మాత్రం తప్పదు.

ఇక నష్టపరిహారం. మా వీధిలో కొందరు పెద్దలు "చట్టం ఉన్నది, 25,000 వస్తది" అని గట్టిగా నమ్మారు. ఆ మాట పూర్తిగా గాలి మాట కాదు. 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన భూసేకరణ చట్టం, భూమి యజమానితో ఆగకుండా, సేకరణకు ముందు మూడేళ్లుగా అక్కడ పని చేస్తూ దాని మీదే ముఖ్యంగా బతుకుతున్న కిరాయిదారులను, చేతివృత్తుల వారిని కూడా బాధిత కుటుంబాలుగా లెక్కిస్తుంది. దాని రెండో షెడ్యూలులో చేతివృత్తుల వారికి, చిన్న వ్యాపారులకు, స్వయం ఉపాధి మీద బతికేవారికి కనీసం 25,000 రూపాయల ఏకమొత్తం సాయం ఉంది. కానీ అది భూసేకరణ వల్ల తమ ఇష్టం లేకుండా ఆ చోటు విడిచి వెళ్లాల్సి వచ్చిన వారికి మాత్రమే. మా మోరీ అంతా పాత రోడ్డు హద్దులోనే పడింది. మా వరుసలో ఒక్క గజం భూమి సేకరించలేదు, ఎవరూ మడిగె విడిచి వెళ్లలేదు. కదలకుండా అక్కడే కూర్చుని గిరాకీ పోగొట్టుకున్నవాడు ఈ చట్టం కంటికి కనిపించడు. దీనికి మార్కులు వేయడం న్యాయం కాదు, అది రాసింది మన కోసం కాదు.

ఇటువంటి నష్టానికి పరిహారం ఇవ్వడం సాధ్యమేనా అన్న ప్రశ్నకు జవాబు వేరే దేశంలో ఉంది. అమెరికాలో లాస్ ఏంజెలెస్ మెట్రో రైలు సంస్థ, లైను తవ్వుతున్న దారిలోని 25 మంది లోపు పనివారున్న చిన్న దుకాణాల కోసం 2015లో ఒక నిధి పెట్టింది. తవ్వకానికి ముందటి అమ్మకాల లెక్కను తవ్వకం నాటి లెక్కతో పోల్చి, ఏడాదికి గరిష్ఠంగా 50,000 డాలర్ల వరకు తిరిగి కట్టనక్కరలేని గ్రాంటు ఇస్తుంది. ఆ అంకెలు మనకు సరిపోవు, సరిపోవాలని అనడం లేదు. నాకు నచ్చింది ఆ పోలిక, ఇంకా ఆ డబ్బు తవ్వే సంస్థే పెట్టుకోవడం. మన రోడ్డు పనుల అంచనాల్లోనూ కరెంటు స్తంభాలు జరపడానికి, నీళ్ల పైపులు మార్చడానికి పద్దులుంటాయి. స్తంభానికి రాసిన చోటే, దాని వెనక ఉన్న మడిగె కోసం ఇంకో వరుస రాయడం ఇంజనీరుకు పెద్ద పని కాదు.

అధికారులు జనం అర్జీలు తీసుకునే సోమవారం ప్రజావాణిలో కూడా అర్జీ పెట్టాను. మూడు అడిగాను: ఆ ఏడాది ట్రేడ్ లైసెన్సు రుసుము మాఫీ, ప్రతి రెండు మడిగెలకు ఒక ఇనుప పలక, ఏ వారం ఎవరి ముందు తవ్వుతారో తెలిపే కాగితం. తొమ్మిదో రోజున ఇనుప పలకలు వచ్చాయి, వాటి మీద చంటిబిడ్డల తల్లులు కూడా నడిచారు. నేను పొందిన సాయాలన్నింటిలో వడ్డీ లేనిది ఇదొక్కటే. రుసుము మాఫీ గురించి "పరిశీలనలో ఉంది" అన్న సందేశం ఫోన్‌కు వచ్చింది. మార్చి నెలాఖరుకు రుసుము పూర్తిగా కట్టాను. తవ్వకం వారాల కాగితం రాలేదు.

ఇప్పుడు రోడ్డుకు అవతలి వైపు పని మొదలుకాబోతోంది. అక్కడ టిఫిన్ సెంటర్ నడిపే ఆయన నా దగ్గరకు వచ్చి ఏం చేయాలని అడిగితే, రోజువారీ అమ్మకం పుస్తకం ఈ రోజు నుంచే రాయమని, గల్లా డబ్బు ఇంట్లో పెట్టుకోకుండా రోజూ ఖాతాలో వేయమని, దుకాణం ముందు భాగాన్ని తేదీ పడేలా ఫొటోలు తీసి పెట్టుకోమని, అన్నింటికంటే ముందు ముద్రా దరఖాస్తు తవ్వకం మొదలు కాకముందే వేయమని చెప్పాను. ఆయన గోడ మీద ఎర్ర రంగుతో మార్కింగు వేసిన మర్నాడే ఇద్దరం కలిసి బ్యాంకుకు వెళ్లి కాగితాలు ఇచ్చి వచ్చాం. ఆయన స్టేట్‌మెంట్‌లో ఆరుకు ఆరూ ఇంకా మంచి నెలలే ఉన్నాయి.