మైక్రోవేవ్ ఓవెన్ పాడైతే మనమే విప్పుకోవాలా, కోఠీకి మోసుకెళ్లాలా?

మా అపార్ట్‌మెంటులో ఎవరి ఓవెన్ మొరాయించినా ముందు నా దగ్గరికే వస్తారు. మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు, ఫ్యాన్లు విప్పి బిగించే పిచ్చి నాకుందని అందరికీ తెలుసు. కిందటి నెలలో నలుగురు వచ్చారు. నాలుగో ఆయన మూడో అంతస్తు మాస్టారు. స్క్రూడ్రైవరు చేత్తో పట్టుకునే వచ్చారు. "వీడియోలో చూశానండీ, వెనకాల ఆరు స్క్రూలే. మనమే విప్పేద్దామా, కంపెనీవాళ్లను పిలవమంటారా?" అన్నారు. జవాబు చెప్పేముందు ఆయన చేతిలోని స్క్రూడ్రైవరు తీసి బల్ల మీద పెట్టాను.

అందరూ అడిగేది ఇదే ప్రశ్న. నా లెక్కలో సరిహద్దు ఒకటే, ఆ స్క్రూలతో బిగించిన ఇనుప మూత. తలుపు తీస్తే చేతికందేదంతా మనం చేసుకోవచ్చు. మూత విప్పితే గానీ కనిపించనిదేదీ మన పని కాదు. వైర్లంటే భయపడే మనిషిని కాను నేను. అయినా ఇదే చెబుతాను.

ముందు మన వంతు. ఓవెన్ గదిలో కుడివైపు గోడకు పోస్టుకార్డంత బూడిదరంగు అట్ట ఒకటి ఉంటుంది. అది మైకా షీటు. తరంగాలు దాని వెనక దారి నుంచే లోపలికి వస్తాయి. సాంబారు తుళ్లినా, పోపు నూనె చిట్లినా అక్కడే పడుతుంది. తుడవకుండా వదిలేస్తే ఆ జిడ్డు మాడి బొగ్గవుతుంది. బొగ్గు కరెంటును మోస్తుంది కాబట్టి అక్కడి నుంచి చిటపటమని నీలి మెరుపులు మొదలవుతాయి. చూసినవాళ్లు ఓవెన్ పని అయిపోయిందనుకుంటారు. ప్లగ్గు పీకి, పాత షీటును తీసి, కొత్త మైకా మీద పెట్టి పెన్సిలుతో గీసి కత్తెరతో కత్తిరిస్తే సరిపోతుంది. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే కోఠీ గుజరాతీ గల్లీలో వంద రూపాయలకు నాకు రెండు షీట్లు వచ్చాయి. షీటు లేకుండా మాత్రం నడపవద్దు, జిడ్డు నేరుగా లోపలి దారిలోకి వెళుతుంది.

గాజు పళ్లెం తిరగకపోతే ముందు కింద ఉన్న చక్రాల రింగును, మధ్యలోని ప్లాస్టిక్ ముక్కను చూడండి. చాలాసార్లు ఆ ముక్కే అరిగి ఉంటుంది. ప్లగ్గు వేడెక్కుతుంటే తప్పు సాకెట్టుది కావచ్చు. ఫోన్ చార్జర్లు పెట్టే చిన్న సాకెట్టులో ఓవెన్ పెట్టినవాళ్లను చాలామందిని చూశాను.

"సరిగా వేడెక్కడం లేదు" అనే ఫిర్యాదుకు ఇంట్లోనే పరీక్ష ఉంది. లీటరు నీళ్లు పోసి, థర్మామీటరుతో వేడి చూసి, పూర్తి పవర్‌లో సరిగ్గా ఒక నిమిషం పెట్టండి. కలిపి మళ్లీ చూడండి. ఎన్ని డిగ్రీలు పెరిగితే అన్ని డెబ్బయిలు, అవే మీ ఓవెన్ ఇస్తున్న వాట్లు. పది డిగ్రీలు పెరిగితే 700. వేసవి మధ్యాహ్నం ఓల్టేజీ పడిపోయినప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఓవెన్లు నిజంగానే తక్కువ వేడినిస్తాయి. కాబట్టి ఈ పరీక్షను రాత్రి పదిన్నరకు కూడా ఒకసారి చేశాకే మెకానిక్కు మాట ఎత్తండి.

ఇక మూత లోపల. ఫ్యానయినా మిక్సీ అయినా ప్లగ్గు పీకితే చప్పబడిపోతుంది. ఓవెన్ అలా కాదు. ఇంటికొచ్చే 230 ఓల్టులను ట్రాన్స్‌ఫార్మర్ రెండు వేలకు పెంచుతుంది. కరెంటును నిలవ చేసుకునే కెపాసిటర్, దాన్ని ఒక వైపుకే పోనిచ్చే డయోడు కలిసి ఆ ఓల్టేజీని నాలుగు వేల దాకా తీసుకెళ్లి, తరంగాలను పుట్టించే మ్యాగ్నెట్రాన్‌కు అందిస్తాయి. ప్లగ్గు పీకాక కూడా ఆ కెపాసిటర్ తన సరుకును కడుపులో దాచుకోగలదు. దాన్ని మెల్లగా ఖాళీ చేయడానికి లోపలే ఒక రెసిస్టరు ఉంటుంది, అది బాగుంటే నిమిషంలోనే ఓల్టేజీ చాలావరకు దిగిపోతుంది. బాగుందో లేదో బయటి నుంచి తెలియదు.

ఇది నేను కోఠీలో ఒక షాపు ముందు నిలబడి నేర్చుకున్నాను. మా ఓవెన్‌లో దీపం వెలుగుతోంది, పళ్లెం తిరుగుతోంది, నీళ్లు మాత్రం చల్లగానే ఉంటున్నాయి. కంపెనీ సర్వీసుకు ఫోను చేస్తే చూడకుండానే మ్యాగ్నెట్రాన్ పోయి ఉంటుందని, మూడు వేల పైమాటేనని చెప్పారు. గాజు పళ్లెం తీసి ఇంట్లో పెట్టి, ఓవెన్‌ను దుప్పట్లో చుట్టి, నల్లకుంట నుంచి ఆటోలో తీసుకెళ్లాను. షాపాయన మూత విప్పి, లోపల గ్లాసుడు నీళ్లు పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిమిషం నడిపి ప్లగ్గు పీకేశాడు. ఈలోగా టీ వచ్చింది. ఇద్దరం తాగాం. పది నిమిషాలైనా పట్టి ఉంటుంది. అప్పుడాయన ఒక చేయి జేబులో పెట్టుకుని, పొడవాటి పిడి ఉన్న స్క్రూడ్రైవరును కెపాసిటర్ రెండు కొసలకూ ఆనించాడు. టప్‌మని టపాకాయ పేలినట్టు శబ్దం. నా చేతిలోని గ్లాసు ఒలికింది.

"లోపలి రెసిస్టరు చచ్చిపోయింది సార్. ఇంట్లో విప్పి ఉంటే?" అంటూ స్క్రూడ్రైవరు మొన చూపించాడు. జొన్నగింజ పట్టేంత నల్లటి గుంటలు, పక్కపక్కనే మూడు నాలుగు. చేయి జేబులో ఎందుకు పెట్టావని అడిగితే, రెండు చేతులూ తగిలితే కరెంటు గుండె మీదుగా పోతుందన్నాడు. అసలు తప్పు మ్యాగ్నెట్రాన్‌ది కానే కాదు. దానికి తగిలించిన వైరు క్లిప్పు వదులై మాడిపోయింది. క్లిప్పు, కొత్త కెపాసిటర్, కూలి అన్నీ కలిపి 750 రూపాయలు తీసుకున్నాడు.

ఆ స్క్రూడ్రైవరు పద్ధతిని ఇంట్లో చేయమని నేను చెప్పడం లేదు. అలా ఆనించడం మంచి పద్ధతి కాదని తరవాత ఆయనే ఒప్పుకున్నాడు, రెసిస్టరు ద్వారా ఖాళీ చేయాలట.

ఫ్యూజు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కొత్తది వేసినా తలుపు తీయగానే పోతోందంటే తప్పు ఫ్యూజుది కాదు. తలుపు గొళ్లెం వెనక సాధారణంగా మూడు చిన్న స్విచ్చులుంటాయి. తలుపు తెరిచినా మొదటి రెండూ అతుక్కుపోయి కరెంటు ఆపకపోతే, మూడోది కావాలనే షార్టు చేసి ఫ్యూజును పేలుస్తుంది. అంటే ఫ్యూజు పోవడమే అక్కడ కాపలా. దాని స్థానంలో రాగి తీగ చుట్టే మహానుభావులున్నారు. వాళ్లు బాగు చేసిన ఓవెన్ ముందు నేను నిలబడను.

తలుపు విప్పి బిగించాక తరంగాల లీకేజీ ఉందో లేదో ఇంట్లో తేల్చుకునే సాధనం మన దగ్గర లేదు. 5 సెంటీమీటర్ల దూరంలో చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీవాట్లు దాటకూడదని నియమం. లోపల ఫోను పెట్టి మోగుతుందో లేదో చూడటం పనికిరాని పరీక్ష. ఫోనుకు అణుమాత్రం సిగ్నల్ చాలు, మంచి ఓవెన్‌లో కూడా మోగవచ్చు.

మరి కంపెనీ సర్వీసా, బయటి షాపా? వారంటీ ఉంటే ఆలోచించే పనే లేదు, కంపెనీనే పిలవండి. ట్రాన్స్‌ఫార్మర్ బదులు ఎలక్ట్రానిక్ బోర్డుతో నడిచే ఇన్వర్టర్ రకమైనా, కేకులు కూడా కాల్చే కన్వెక్షన్ ఓవెన్‌లో బోర్డు పోయినా నేను కంపెనీకే ఓటు వేస్తాను. ఆ బోర్డులు గల్లీలో దొరికేవి కావు. వారంటీ దాటిన మామూలు సోలో ఓవెన్, అంటే తరంగాలతో వేడి చేయడం తప్ప మరేమీ చేయనిది అయితే మాత్రం బల్ల, మీటరు, అటక నిండా పాత ఓవెన్లు ఉన్న షాపుకే నా మొగ్గు. అక్కడ మన కళ్ల ముందు విప్పుతారు, పాత భాగం చేతికిస్తారు. మీరు మోయాల్సింది పది పన్నెండు కిలోలు, అంతే. సంచీ తగిలించుకుని ఇంటికొచ్చే మెకానిక్కులలో మంచివాళ్లు లేరని కాదు. ఆ సంచీలో మీరడిగిన మ్యాగ్నెట్రాన్ ఉండదు, ఓవెన్‌ను ఎలాగూ పట్టుకుపోతాడు. అదేదో మనమే తీసుకెళితే ఎక్కడ ఉందో తెలుస్తుంది.

కొత్తది కొనడమా? గది లోపలి రంగు లేచి తుప్పు పట్టినా, తలుపు వంగినా, మ్యాగ్నెట్రాన్ ఖర్చు కొత్త సోలో ధరలో సగం దాటినా కొనేయండి. ఎక్స్ఛేంజిలో పాతదానికిచ్చే విలువ గురించి మాట్లాడుకోకపోవడమే మర్యాద.

మాస్టారి ఓవెన్ సంగతి అడిగారా? మెరుపులే. పప్పు తాలింపు మాడి మైకా నడిమధ్య రూపాయి బిళ్లంత చిల్లు పడింది. గుజరాతీ గల్లీ షీట్లలో రెండోది నా దగ్గరే ఉండటంతో పావుగంటలో పని అయిపోయింది. ఆ ఆరు స్క్రూలలో ఒక్కటీ కదల్లేదు. ఆయన స్క్రూడ్రైవరు ఇంకా మా బల్ల మీదే ఉంది.