అమెరికా సుప్రీంకోర్టు లైవ్ ఆడియో: నెల్లూరు బెంచి గుమస్తా రివ్యూ

ముందు టైము సంగతి చెప్పేస్తా. వాషింగ్టన్‌లో కోర్టు మొదలయ్యేది పొద్దున 10 గంటలకు. మనకది చలికాలంలో రాత్రి 8:30, వాళ్లు గడియారాలు గంట ముందుకు తిప్పుకునే నెలల్లో 7:30. భోజనం ముగించి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, వరండాలో కుర్చీ వేసుకుంటే సరిపోతుంది. వాదనలుండేది అక్టోబరు నుంచి ఏప్రిల్ వరకే, అదీ నెలలో కొన్ని రోజులే. కోర్టు సొంత వెబ్‌సైటులోనే లైవ్ వస్తుంది. పైసా ఖర్చు లేదు, యాడ్ల గోల లేదు. బొమ్మ ఉండదు కాబట్టి డేటా కూడా పెద్దగా తినదు. 2020 మేలో కరోనా వల్ల జడ్జీలు ఫోన్లో కేసులు వినాల్సి వచ్చినప్పుడు మొదలుపెట్టారు. కరోనా పోయినా దీన్ని మాత్రం ఆపలేదు.

నేను నెల్లూరులో బెంచి గుమస్తాగా చేసి రిటైరయ్యాను. అమెరికా కోర్టుతో నాకేం పని అంటారా? మా బావమరిదికి మైపాడు వైపు రొయ్యల చెరువులున్నాయి. 2025 ఆగస్టు నెలాఖరుకల్లా మన సరుకు మీద ట్రంప్ వేసిన సుంకం 50 శాతానికి చేరింది. కౌంటు రేటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కన కట్టే ధర) ఎక్కడ పడుతుందోనన్న టెన్షన్‌తో అతనికి నిద్ర లేదు. ఆ సుంకాలు చెల్లవంటూ వేసిన కేసు నవంబరు 5న వాదనకొచ్చింది. ‘బావా, నీకు ఇంగ్లీషు బాగా వచ్చు గదా, ఆ జడ్జీలు ఏమంటా ఉండారో విని చెప్పు’ అన్నాడు. విన్నాను. రెండున్నర గంటలు దాటింది. ఆ తర్వాత పాత కేసుల రికార్డింగులు కూడా వెతుక్కుని వినడం అలవాటైపోయింది.

మొదట నాకు నచ్చింది అక్కడి క్రమం. వాయిదా అన్న మాటే వినపడదు. ‘ప్రతివాది తరఫు వకీలు రాలేదు, వాయిదా’ అని డాకెట్‌లో రాసి రాసి సర్వీసు గడిపినవాడికి ఇది వింతే. మామూలు కేసులో ఒక్కో పక్షానికి అరగంట. మొదటి రెండు నిమిషాలు వకీలును మాట్లాడనిస్తారు, ఆ తర్వాత జడ్జీలు పీక్కు తింటారు. వకీళ్లు కూడా తడుముకోకుండా జవాబిస్తారు. ‘ఫైలు చూసి చెబుతాను మై లార్డ్’ అనే రకం ఒక్కరూ తగల్లేదు.

పెద్ద ఇబ్బంది ఏమిటంటే, లైవ్‌లో ఎవరు మాట్లాడుతున్నారో చెప్పేవాళ్లు ఉండరు. తొమ్మిది గొంతులు, కొత్తలో అంతా తికమక. దీనికి ఓయెజ్ అనే వేరే వెబ్‌సైటు ఉంది. 1955 నుంచి చేసిన రికార్డింగులు అక్కడ పెట్టారు. మాట్లాడే జడ్జి ఫొటో, వాళ్ల మాటలు తెర మీద కదులుతుంటాయి. గొంతులు పట్టుబడేదాకా నేనొక చీటీ రాసి దగ్గర పెట్టుకున్నా: పేరు, వేసిన ప్రెసిడెంటు, వేసిన సంవత్సరం. గొంతులు గుర్తుపట్టడానికి రాసిన చీటీ కాస్తా అమెరికా ఎన్నికల చరిత్ర అయి కూర్చుంది.

సాధారణంగా మొదటి ప్రశ్న ఒక బరువైన గొంతుది. క్లారెన్స్ థామస్. 1991లో పెద్ద బుష్ వేశాడు. అప్పటికి థామస్ వయసు 43. సెనేట్‌లో (ప్రెసిడెంటు పంపిన పేరుకు ఒప్పుకోవాల్సిన సభ) 52-48 ఓట్లతో గట్టెక్కాడు. మరుసటేడే పెద్ద బుష్ క్లింటన్ చేతిలో ఓడిపోయాడు, 2018లో చనిపోయాడు కూడా. థామస్ మాత్రం ఇంకా ప్రశ్నలు వేస్తూనే ఉన్నాడు. ఇక్కడ ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్న 1988లో అక్కడివాళ్లు పెద్ద బుష్‌కు వేసిన ఓట్లు ఇప్పటికీ నా ఇయర్‌ఫోన్లలో వినపడుతున్నాయన్నమాట. అన్నట్టు, ఈ పెద్దమనిషి 2006 నుంచి 2016 దాకా పదేళ్లు బెంచి మీద ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఫోన్ విచారణలు వచ్చాకే మాట్లాడటం అలవాటైంది.

మిగతావాళ్లలో ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్, అలిటోలను చిన్న బుష్ వేశాడు. సోటోమేయర్, కేగన్ ఒబామా వేసినవాళ్లు. గోర్సచ్, కవనా, బారెట్ ట్రంప్ మనుషులు. జాక్సన్‌ను బైడెన్ వేశాడు. తొమ్మిది గొంతుల వెనక ఐదుగురు ప్రెసిడెంట్లు.

రిటైర్మెంటు వయసు లేదు కాబట్టి ఖాళీ రావాలంటే జడ్జి చనిపోవాలి, లేదా తనంతట తాను దిగిపోవాలి. కార్టర్ 1977 నుంచి 1981 దాకా పూర్తి నాలుగేళ్లు ఏలినా ఒక్క ఖాళీ కూడా రాలేదు. ట్రంప్‌కు తొలి నాలుగేళ్లలోనే మూడు దొరికాయి. అందులో ఒకటి ఒబామా భర్తీ చేయాల్సింది. 2016 ఫిబ్రవరి 13న జడ్జి స్కాలియా చనిపోతే ఒబామా మెరిక్ గార్లండ్ పేరు పంపాడు. రిపబ్లికన్ల చేతిలో ఉన్న సెనేట్ ఇది ఎన్నికల ఏడాది, జనాన్నే తేల్చనివ్వండి అంటూ ఆ పేరును విచారణకే తీసుకోలేదు. ట్రంప్ గెలిచాడు, సీటు గోర్సచ్‌కు పోయింది. 2020 సెప్టెంబరు 18న జడ్జి గిన్స్‌బర్గ్ 87వ ఏట చనిపోయారు. ఈసారి అదే రిపబ్లికన్ సెనేట్‌కు ఎన్నికలు అడ్డం రాలేదు. అక్టోబరు 26న, పోలింగుకు ఎనిమిది రోజుల ముందు, బారెట్‌ను ఖాయం చేసేసింది. ఒకే రకం పిటిషన్లు రెండింటి మీద మా కోర్టులో ఇలా రెండు రకాల ఆర్డర్లు వస్తే, అప్పీలు గ్రౌండ్లు రాయడానికి కొత్తగా నల్లకోటు వేసుకున్న కుర్రాడు చాలు.

మన దగ్గర సుప్రీంకోర్టు జడ్జి 65కి దిగిపోవాల్సిందే. పేర్లు చెప్పేది సీనియర్ జడ్జీల కొలీజియం, రాష్ట్రపతిది సంతకం. ఆ పద్ధతి మార్చి కమిషన్ పెడదామని పార్లమెంటు చట్టం చేస్తే 2015లో కోర్టు కొట్టేసింది. కాబట్టి రాష్ట్రపతి ఎన్నికలో ఎవరు గెలిచినా మన కోర్టుకు తేడా పడదు. రాష్ట్రపతి ఎన్నికకూ కోర్టుకూ నాకు తెలిసిన గట్టి లింకు కోకా సుబ్బారావు గారే. 1967లో ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికలో నిలబడి, జాకీర్ హుస్సేన్ చేతిలో ఓడిపోయారు.

థామస్ ప్రమాణం చేసిన 1991 అక్టోబరులో మన ప్రధాన న్యాయమూర్తి రంగనాథ్ మిశ్రా, వరసలో 21వ వారు. ఆ వెంటనే వచ్చిన కె.ఎన్. సింగ్ ఉన్నది 18 రోజులు. 2025 నవంబరు 24న ప్రమాణం చేసిన సూర్యకాంత్ 53వ వారు. ఇదే కాలంలో అక్కడ ప్రధాన న్యాయమూర్తులు ఇద్దరే, రెన్‌క్విస్ట్, రాబర్ట్స్. మనది మరీ పరుగు. 18 రోజుల్లో ఛాంబరు బయట పేరు బోర్డు మారడమే గొప్ప. అయినా రెంటిలో ఒకటి ఎంచుకోమంటే నేను మనదే ఎంచుకుంటా. ఎనభై దాటిన మనిషి ఆరోగ్యం మీద, ఆ ఏడాది గద్దె మీద ఎవరున్నారన్న దాని మీద ముప్ఫై ఏళ్ల చట్టం వేలాడటం నాకు మింగుడుపడటం లేదు.

మరి కుర్చీ ఇచ్చిన ప్రెసిడెంటు పాటే జడ్జి పాడతాడా? దీనికి రెండు రికార్డింగులు పక్కపక్కన వినాలి. ఒకటి 2021 డిసెంబరు 1 నాటి డాబ్స్ కేసు. 15 వారాలు దాటాక గర్భస్రావం కుదరదన్న మిసిసిపీ రాష్ట్ర చట్టం మీద వాదన. రాజ్యాంగాన్ని చదవడమంటే రాజకీయమేనని జనం అనుకుంటే ఆ కంపును ఈ కోర్టు తట్టుకోగలదా అని సోటోమేయర్ అడుగుతుంది. ఆ గొంతులో కోపం కన్నా ఓడిపోతున్నామన్న ఎరుకే నాకు ఎక్కువ వినపడింది. 2022 జూన్ 24న గర్భస్రావాన్ని హక్కుగా గుర్తించిన 1973 నాటి రో తీర్పును కొట్టేసిన ఐదుగురిలో ట్రంప్ వేసిన ముగ్గురూ ఉన్నారు. 2016 ఎన్నిక అటుదిటయితే ఆ తీర్పు వచ్చేది కాదని నా లెక్క.

రెండోది మా బావమరిది వినమన్న సుంకాల కేసు. ప్రభుత్వ వకీలు సావర్‌ను నిలదీసినవాళ్లలో గోర్సచ్, బారెట్ కూడా ఉన్నారు. ట్రంప్ పట్టుకున్న చట్టంలో లాగా, దిగుమతులను నియంత్రించమన్న మాటతోనే సుంకం వేసే అధికారం వచ్చిన చట్టం ఇంకెక్కడైనా ఉంటే చూపించమని బారెట్ వదలకుండా అడుగుతుంది. కాంగ్రెస్ ఒకసారి చేతికిచ్చిన అధికారాన్ని, ప్రెసిడెంటు దగ్గర వీటో ఉండగా మళ్లీ ఎలా లాక్కుంటుంది అని గోర్సచ్. అవతలి పక్షాన నీల్ కత్యాల్, మన దేశం నుంచి వెళ్లిన దంపతుల కొడుకు. ఆ సుంకాలు చెల్లవని 2026 ఫిబ్రవరిలో తీర్పొచ్చింది. 1953లో రిపబ్లికన్ ప్రెసిడెంటు ఐసెన్‌హోవర్ వేసిన ఎర్ల్ వారెన్ మరుసటేడే బడుల్లో నల్లపిల్లలను వేరు పెట్టడం చెల్లదని తీర్పిచ్చాడు. అదే పార్టీ పెద్ద బుష్ 1990లో వేసిన సూటర్ చివరికి ఉదారవాదుల వైపు తేలాడు. కుర్చీలో కూర్చోబెట్టడం వరకే ప్రెసిడెంటు చేతిలో ఉంది. కాకపోతే ఈ రోజుల్లో కూర్చోబెట్టే ముందు మనిషిని బాగా గాలించి మరీ ఎంచుతున్నారు, సూటర్ లాంటివాళ్లు మళ్లీ వస్తారని నాకైతే నమ్మకం లేదు.

ఇదంతా చెబితే మా బావమరిది ‘అయితే రేటు పెరుగుద్దా లేదా, అది చెప్పు బావా’ అన్నాడు. అతనూ కాసేపు విన్నాడు. చెరువులో నీళ్లు చిలికే ఏరేటర్ల మోతే నయమని ఇయర్‌ఫోను తీసేశాడు. నిజమే, ఇంగ్లీషు వేగంగా పోతుంది. అలవాటు లేనివాళ్లు అదే రోజు వెబ్‌సైటులో పెట్టే రాతప్రతిని ముందేసుకుని వింటే నయం.

ఐదుకు నాలుగు చుక్కలిస్తాను. ఒకటి కోసేసింది తీర్పుల దగ్గర. వాదనలు లైవ్ ఇస్తారు గానీ, తీర్పు చదివేటప్పుడు ఇవ్వరు. జడ్జీలు కోర్టు హాల్లో చదువుతుంటే మనం ఇక్కడ ఫోన్లో పేజీ రిఫ్రెష్ కొట్టుకుంటూ పీడీఎఫ్ కోసం చూడాల్సిందే.