జింకు అని కొన్న బస్తాలో జింకు లేదు: మన వైపు రైతులు చూసుకుని కొనండి

నరసన్నపేట వైపు, వంశధార కాలువ చివర మాకు రెండున్నర ఎకరాల పొలం ఉంది. మొన్నటి ఖరీఫ్‌లో నేను జింక్ సల్ఫేట్ అని కొని చల్లినది జింక్ సల్ఫేట్ కాదు. దుకాణం పేరు రాయడం లేదు, ఎందుకంటే నా దగ్గర బిల్లు లేదు. తప్పంతా అక్కడే మొదలైంది.

మా వరి మడి రెండేళ్లుగా ఉభాలైన (నాట్లు వేసిన) మూడో వారానికి అక్కడక్కడ ఎర్రబారుతోంది. మట్టి పరీక్ష చేయిస్తే జింకు తక్కువని వచ్చింది. ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేయమన్నారు. దుకాణంలో పది కిలోల సంచులు ఐదు తీసుకున్నాను. మిగతా చోట్ల కంటే కిలోకి 20 రూపాయలు తక్కువ. బిల్లు అడిగితే "బిల్లు కావాలంటే పాత రేటే బాబూ" అన్నాడు. సరేలే అనుకున్నాను. సంచి మీద జింకు 21 శాతం అని పెద్ద అక్షరాలతో ఉంది. బ్యాచ్ నంబరు, తేదీ ఉండాల్సిన చోట మాత్రం సిరా అలుక్కుపోయి ఉంది. ఇంటికి తెచ్చాక చూశాను గానీ పట్టించుకోలేదు. పైగా భాస్వరం ఉండే డీఏపీ ఎరువుతో కలిపి ఒకేసారి చల్లేయమన్నదీ ఆయనే. అలాగే చల్లాను.

ఉభాలైన ఇరవయ్యో రోజున మా నాన్న గట్టు మీద నిలబడి "ఏట్రా, మడి ఇలగైపోనాది?" అన్నారు. కింది ఆకుల మీద తుప్పు చల్లినట్టు మచ్చలు. లేత ఆకుల మొదట్లో నడిమి ఈనె పాలిపోయింది. పిలకలు లేవు. జింకు వేశాం కదా, ఇది జింకు లోపం కాదనుకుని మళ్లీ ఆ దుకాణానికే వెళ్లాను. తెగులు అని చెప్పి ఒక మందు అంటగట్టాడు. అదీ కొట్టాను. ఆ డబ్బులు దండగ, అంతకంటే వారం రోజులు దండగ.

చివరికి రైతు సేవా కేంద్రంలో పనిచేసే అమ్మాయిని పిలుచుకొచ్చాను. మొక్క చూసి జింకు లోపమే అంది. మిగిలిన సంచి తెమ్మంది (కాలువ నీరు అందక అరెకరం ఊడ్చలేదు, అందుకే ఒక సంచి మిగిలింది). రెండు గాజు గ్లాసులు అడిగింది. డీఏపీ కొంచెం నీళ్లలో కరిగించి, గుడ్డలో వడగట్టి, ఆ తేట నీళ్లు రెండు గ్లాసుల్లోనూ పోసింది. ఒకదాంట్లో తన దగ్గరున్న మంచి జింక్ సల్ఫేట్ నీళ్లు కలిపింది. పాలు విరిగినట్టు చిక్కగా తెల్లటి తరకలు కట్టి అడుగుకు దిగాయి. రెండో గ్లాసులో మా సంచిలోది కరిగించి పోసింది. చూస్తూ నిలబడ్డాం. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి.

"ఇది మెగ్నీషియం సల్ఫేట్ అయి ఉంటుంది అన్నయ్యా, చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి, ఇది చాలా చవక" అంది. ఇంకో మాట కూడా అంది, అది నాకు బాగా గుచ్చుకుంది. ఆ గ్లాసులో విరిగినట్టే మడిలోనూ జింకు, భాస్వరం పట్టుకుని గడ్డకట్టేస్తాయట. అంటే అసలైన జింకే అయినా డీఏపీతో కలిపి చల్లినందుకు చాలావరకు వృథా అయ్యేదే. రెంటికీ మధ్య కనీసం మూడు రోజులు ఎడం ఉండాలి.

ఈ గ్లాసు పరీక్షలో తరకలు కట్టకపోతే అది జింకు కాదు. తరకలు కట్టిందని పూర్తిగా నమ్మేయకండి, సగం కల్తీ చేసినా విరుగుతుంది. అది ల్యాబులోనే తేలాలి. రేటు పోల్చేటప్పుడు శాతం కూడా చూడండి. మామూలు స్ఫటికాల రకంలో జింకు 21 శాతం, మోనోహైడ్రేట్ అనే పొడి రకంలో 33 శాతం.

తర్వాత బిల్లుతో మంచి జింకు తెచ్చి లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున ఐదు రోజుల ఎడంతో మూడుసార్లు పిచికారీ చేశాను. కొత్త ఆకులు పచ్చగానే వచ్చాయి, కానీ పిలకల సమయం దాటిపోయింది. మామూలుగా ఎకరాకు 25 బస్తాలు అయ్యే చోట 18 దగ్గర ఆగింది.

ఆ సంచులు అమ్మేటప్పుడు దుకాణదారు ఇంకో మాట చెప్పాడు, జింకు వేసి పండించిన బియ్యం తింటే పిల్లలకు బలమని. మా చెల్లి కొడుకు బక్కగా ఉంటాడు, అందుకే ఆ మాటకు పడిపోయాను. మాట పూర్తిగా అబద్ధం కాదు. జింకు లోపిస్తే పిల్లల ఎదుగుదల, రోగనిరోధక శక్తి రెండూ తగ్గుతాయి. కానీ గింజలో జింకు పెరగాలంటే దమ్ములో వేసినదాని కంటే పూత తర్వాత ఆకుల మీద కొట్టినది ఎక్కువ పనిచేస్తుందట. ఆ సంగతి దుకాణంలో ఎవరూ చెప్పలేదు.

మండల వ్యవసాయాధికారికి ఫిర్యాదు ఇచ్చాను. విప్పిన సంచిలోని సరుకు నమూనాగా చెల్లదు, ఆయనే దుకాణానికి వెళ్లి తీయాలి. వెళ్లేసరికి అక్కడ ఆ రకం సంచి ఒక్కటీ లేదు. మా సావిట్లో ఉన్న ఐదో సంచిని మాత్రం పారేయలేదు. మీరు ఈ సీజన్‌లో ఇలాగే బిల్లు లేకుండా కొని ఉంటే, చల్లే ముందు చెంచాడు డీఏపీతో చూసుకోండి.