ఎనిమిదేళ్లు లైబ్రరీ డేటాబేస్‌లు వాడాక: మామిడి గుజ్జు మార్కెట్ వెతికిన అనుభవం

మా చిన్న మామయ్యకు దామలచెరువు పక్కన ఆరెకరాల తోతాపురి మామిడి తోట ఉంది. 2023 చివర్లో ఒకరోజు ఇంటికొచ్చి, ఇద్దరు స్నేహితులతో కలిసి గుజ్జు ఫ్యాక్టరీ పెట్టాలనుకుంటున్నామని చెప్పాడు. చేతిలో ప్రాజెక్ట్ రిపోర్ట్ ఉంది, ఎవరో కన్సల్టెంట్ రాసిచ్చింది. నలభై పేజీల్లో మార్కెట్ గురించి ఉన్నది ఒకటిన్నర పేజీ. ప్రపంచ మార్కెట్ ఏటా ఇంత శాతం పెరుగుతుందని ఒక గ్రాఫ్ వేశారు. ఆ లెక్క ఎక్కడిదో మాత్రం రాయలేదు. "నువ్వు ఎప్పుడూ ఆ లైబ్రరీలోనే ఉంటావు గదా పాపా, ఈ అంకె నిజమో కాదో చూసి చెప్పు" అన్నాడు.

నేను తిరుపతిలో ఒక ప్రైవేటు కాలేజీలో ఎంబీఏ పిల్లలకు మార్కెటింగ్ చెబుతాను. 2017లో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీలో చేరినప్పటి నుంచి విశ్వవిద్యాలయ లైబ్రరీ డేటాబేస్‌లు వాడుతున్నాను. మామయ్య అడిగేదాకా అవి నాకు థీసిస్ చాప్టర్ రాయడానికి పనికొచ్చే జర్నల్ వ్యాసాలు మాత్రమే. ఆ పని మీద కూర్చున్నాకే వాటి బలమెంతో, ఎక్కడ చేతులెత్తేస్తాయో తెలిసింది. ఇక్కడ ఏ డేటాబేస్‌కూ పేరు పెట్టి స్టార్లు ఇవ్వడం లేదు. కంపెనీల లెక్కలకు ప్రోవెస్, క్యాపిటలైన్, వ్యాసాలకు ప్రోక్వెస్ట్, ఎబ్‌స్కో, జె-గేట్, ఇలా చాలా ఉన్నాయి. మనకు నచ్చింది ఎంచుకునే వీలు ఉండదు. మీ కాలేజీ దేనికి డబ్బు కట్టిందో దానితోనే పని చేసుకోవాలి. కాబట్టి ఏ రకం దేనికి పనికొచ్చిందో చెబుతాను.

మొదట ఆ గ్రాఫ్ సంగతి చూశాను. మార్కెట్ రిపోర్టులు ఉన్న డేటాబేస్‌లో వెతికితే ఒకే ఏడాదికి రెండు సంస్థల అంచనాలు కనిపించాయి. ఒకదానికొకటి పొంతన లేదు. నాలుగు రోజులు తల పట్టుకున్నాక రిపోర్టుల చివర ఉండే నిర్వచనాల పేజీ చదివాను. ఒకరు ఫ్యాక్టరీ నుంచి డ్రమ్ముల్లో వెళ్లే గుజ్జును మాత్రమే లెక్కేశారు. ఇంకొకరు దాంతో చేసిన జ్యూసులు, ఐస్‌క్రీములు కూడా కలిపేశారు. కన్సల్టెంట్ తీసుకున్నది ఆ పెద్ద అంకె. అందులో ఎక్కువ భాగం సీసాలో జ్యూస్ అమ్మేవాళ్ల వ్యాపారం. 215 కిలోల డ్రమ్ములో గుజ్జు నింపి పంపే మామయ్యకు దానితో సంబంధమే లేదు. ఇప్పుడు మా పిల్లలు మార్కెట్ సైజ్ అంటూ ఏదైనా అంకె తెస్తే, ముందు నిర్వచనం పేజీ చూపించమంటాను.

ఎగుమతుల దగ్గర ఇంకో తిరకాసు. అంతర్జాతీయ వాణిజ్య లెక్కలన్నీ హెచ్ఎస్ కోడ్‌ల మీద, అంటే ఒక్కో రకం సరుకుకు ఇచ్చిన అంకెల మీద నడుస్తాయి. ఆరు అంకెల దగ్గర 0804.50 అని కొడితే జామ, మామిడి, మాంగోస్టీన్, తాజావీ ఎండినవీ అన్నీ ఒకే గంపలో వస్తాయి. మన దేశం దానికి ఇంకో రెండు అంకెలు చేర్చి విడగొడుతుంది కాబట్టి గుజ్జు విడిగా కనిపిస్తుంది. దీని కోసం డబ్బులు కట్టే డేటాబేస్ అక్కర్లేదు. వ్యవసాయ ఎగుమతులు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ అపెడా సైట్‌లో ఏ దేశానికి ఎంత గుజ్జు వెళ్లిందో ఏడాదివారీగా ఉచితంగా దొరుకుతుంది. గుజ్జు ఫ్యాక్టరీలు ప్రధానంగా మన చిత్తూరు, తమిళనాడులోని కృష్ణగిరి ప్రాంతాల్లోనే ఉన్నాయని కూడా అక్కడే రాసి ఉంటుంది. కొనే దేశాల్లో సౌదీ అరేబియా, యెమెన్ పక్కన నెదర్లాండ్స్ కనిపిస్తే మామయ్య ఆశ్చర్యపోయాడు. "అంత చిన్న దేశం మన కాయ అంత తాగుతాందా?" అన్నాడు. అక్కడి రోటర్‌డామ్ రేవులో దిగిన సరుకు యూరప్ అంతటికీ వెళుతుంది. అంకె నిజమే, కానీ తాగేవాళ్లు వేరే దేశాల్లో ఉన్నారు. ఈ ముక్క ఏ పట్టికలోనూ రాసి ఉండదు. వాణిజ్యం మీద వచ్చిన జర్నల్ వ్యాసాలు చదివితేనే తెలుస్తుంది. పట్టిక ఒక చోట, దాని అర్థం ఇంకో చోట ఉంటాయి కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

వ్యాసాల డేటాబేస్‌లో నేను మొదటి ఏడాది చేసిన తప్పు మీరు చేయకండి. మామిడి గుజ్జు అని రెండు మాటలు ఇంగ్లీషులో కొడితే వేలల్లో వచ్చాయి. సగం విటమిన్లు, ఎంజైముల మీద, మిగతా సగంలో కాగితం గుజ్జు కూడా ఉంది. రెండు మాటలూ కలిపి కొటేషన్ గుర్తుల మధ్య పెడితే సంఖ్య ఒక్కసారిగా పడిపోయింది. సబ్జెక్టు దగ్గర వ్యాపారం, ఆర్థికశాస్త్రం ఎంచుకుంటే చదవగలిగినన్ని మిగిలాయి. తోతాపురి అన్న మాటను ఇంగ్లీషులో టీ తర్వాత హెచ్ పెట్టి రాసేవాళ్లున్నారు, పెట్టనివాళ్లున్నారు. బెంగళూరా అని రాసేవాళ్లు వేరు. అన్ని స్పెల్లింగులకూ మధ్యలో 'ఇదైనా, అదైనా' అని అర్థమిచ్చే ఆర్ (OR) అన్న మాట పెట్టి ఒకేసారి వెతకాలి. ఇది నాకు నేర్పింది మా లైబ్రరీ సారు. భోజనం టైమ్‌లో కూడా లేచి వచ్చి నా పక్కన కుర్చీ వేసుకుని చూపించారు. ఎనిమిదేళ్లలో నా టైమ్ ఎక్కువగా ఆదా చేసింది ఆయనే.

ఇక నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది కంపెనీల బ్యాలెన్స్ షీట్ల డేటాబేస్. మార్కెట్ ఎంత పెద్దదో ఎవరైనా చెబుతారు. ఇప్పటికే ఆ పని చేస్తున్నవాళ్ల చేతిలో చివరికి ఏం మిగులుతుందో ఇదొక్కటే చెబుతుంది.

గుజ్జు పరిశ్రమ లెక్క వేరుగా ఉంటుంది. తోతాపురి కాయ జూన్, జూలైలో వచ్చేస్తుంది. ఆ రెండు నెలల్లో కాయ కొని, గుజ్జు తీసి నిల్వ పెట్టుకోవాలి, ఏడాది పొడవునా అమ్మాలి. కాయ డబ్బులు ముందే కట్టాలి, కొన్నవాళ్ల డబ్బులు నెమ్మదిగా వస్తాయి. మధ్యలో బ్యాంకు వడ్డీ నడుస్తూనే ఉంటుంది. బ్యాలెన్స్ షీట్ తేదీ మార్చి 31. అంటే కొత్త కాయ రావడానికి రెండు నెలల ముందు. ఆ రోజుకు గోడౌన్లు దాదాపు ఖాళీ అయి ఉండాలి. ఏ కంపెనీలోనైనా మార్చి 31 నాటి సరుకు నిల్వ ఏటికేడు పెరుగుతూ పోతోందంటే, పోయిన సీజన్ గుజ్జు ఇంకా అమ్ముడుపోలేదని అర్థం.

నేను మన వైపు ఉన్న, నాకు లెక్కలు దొరికిన ఎనిమిది కంపెనీలు తీసుకున్నాను. పేర్లు రాయను. అయిదేళ్ల నిల్వలు, స్వల్పకాలిక అప్పులు, వడ్డీ ఖర్చు ఒక షీట్‌లో పక్కపక్కన వేసుకున్నాను. అమ్మకాలు మాత్రమే చూస్తే అన్నీ బాగున్నట్టే ఉన్నాయి. రెండింటిలో మార్చి నిల్వ వరసగా పెరిగింది, దాంతోపాటే వడ్డీ కూడా పెరిగింది. మామయ్య తెచ్చిన రిపోర్టులో వడ్డీ లెక్క మూడు నెలల నిల్వకే వేసి ఉంది. ఆ రాత్రి నాకు టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. ఆయన తోట తాకట్టు పెట్టే మాట అప్పటికే అనేశాడు.

అంత ముఖ్యమైన లెక్కలోనే నేనొక తప్పు చేశాను. ఆ డేటాబేస్ అంకెలు మిలియన్లలో ఇస్తుంది. పట్టిక తలమీద చిన్న అక్షరాల్లో రాసి ఉంది, నేను చూడలేదు. మన అలవాటు కొద్దీ కోట్లనుకుని చదివాను. 84 మిలియన్లంటే ఎనిమిది కోట్ల నలభై లక్షలు. నేను ఎనభై నాలుగు కోట్లని చెప్పేశాను. మామయ్య స్నేహితుడొకాయన ఆ ఫ్యాక్టరీ కెపాసిటీ తెలిసినవాడు కాబట్టి వెంటనే "అంత ఉండదమ్మా" అన్నాడు. మొత్తం షీట్ మళ్లీ వేశాను. నిల్వ పెరుగుదల, వడ్డీ నిష్పత్తి మారలేదు కానీ, అప్పటి నుంచి ఏ పట్టికైనా ముందు యూనిట్ చూసి కాగితం మీద రాసుకున్నాకే మొదలుపెడుతున్నాను. అలాగే ఒక కంపెనీకి అనుబంధ సంస్థలుంటే విడి లెక్కలు, కలిపిన లెక్కలు అని రెండు రకాలుంటాయి. ఒక ఏడాది అవి, ఇంకో ఏడాది ఇవి తీసుకుంటే పోలిక చెడిపోతుంది.

లైసెన్స్ సంగతి కూడా సూటిగా చెప్పాలి. ఈ డేటాబేస్‌లు చాలావరకు చదువు కోసం, పరిశోధన కోసం మాత్రమే ఇచ్చినవి. అందులోని పట్టికలు తీసి బ్యాంకుకిచ్చే ప్రాజెక్ట్ రిపోర్టులో అతికించడం ఒప్పందానికి విరుద్ధం. ఆ విషయం లైబ్రరీ సారే చెప్పారు. గుజ్జు కంపెనీల వర్కింగ్ క్యాపిటల్, అంటే సరుకు కొని అమ్మేదాకా తిప్పుకునే డబ్బు, నా పరిశోధనలోనూ ఒక భాగమే కాబట్టి నేను చదువుకున్నాను. మామయ్య కాగితాల్లోకి వెళ్లాల్సిన అంకెలు మాత్రం కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్ నుంచి తీసుకున్నాం. అక్కడ ఒక్కో కంపెనీకి 100 రూపాయలు కడితే వాళ్లు దాఖలు చేసిన కాగితాలు చూడొచ్చు. ఏఓసీ-4 అన్న ఫారంతో బ్యాలెన్స్ షీట్ ఉంటుంది. డేటాబేస్‌లో నిమిషంలో వచ్చే పట్టికకు ఇక్కడ ఒక పూట పడుతుంది. అయినా కాలేజీ లాగిన్ లేని మామూలు వ్యాపారికి ఇది తెరిచి ఉన్న తలుపు, చాలామందికి తెలియదు.

జిల్లా స్థాయికి దిగేసరికి డబ్బు కట్టే డేటాబేస్‌లన్నీ డీలా పడతాయి. 66 మండలాల పాత చిత్తూరు జిల్లా 2022 ఏప్రిల్ 4న విడిపోయింది. కొంత తిరుపతి జిల్లాకు, కొంత అన్నమయ్య జిల్లాకు వెళ్లింది. ఆ తర్వాత ఏడాది అంకెల్లో చిత్తూరు మామిడి విస్తీర్ణం ఒక్కసారిగా తగ్గినట్టు కనిపించి మా విద్యార్థి ఒకడు "రైతులు చెట్లు కొట్టేశారు" అని రాసేశాడు. చెట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి, గీతలు మారాయి. ఇలాంటి చోట నన్ను ఆదుకున్నది శోధ్‌గంగ. మన విశ్వవిద్యాలయాల్లో పరిశోధకులు ఊరూరా తిరిగి రైతుల్ని, ఫ్యాక్టరీలను అడిగి రాసిన థీసిస్‌లు అందులో ఉచితంగా ఉంటాయి. అంకెలు పాతబడినా, వాళ్లు అడిగిన ప్రశ్నల పట్టిక చివర ఉంటుంది. అది తీసుకుని మీ సర్వే మొదలుపెట్టొచ్చు.

వినియోగదారుల వైపు చూసేవాళ్లకు ప్రభుత్వ గృహ వినియోగ వ్యయ సర్వే ఉంది. 2022-23 సర్వేలో పానీయాలు, ప్రాసెస్ చేసిన ఆహారం మీద పెట్టే ఖర్చు, మొత్తం ఖర్చులో పల్లెల్లో 9.62 శాతం, పట్టణాల్లో 10.64 శాతం. జ్యూస్ వ్యాపారం మీద ప్రాజెక్టు చేసే ప్రతి విద్యార్థీ దీన్ని ఎత్తి రాస్తాడు. కానీ హోటల్ భోజనం, టీ కూడా అందులోనే ఉన్నాయి, అదంతా జ్యూస్ ఖర్చు కాదు.

కొత్తగా చేరేవాళ్లు అడిగేది అందుబాటు గురించే. 2025 జనవరి నుంచి కేంద్రం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పేరుతో జర్నళ్లకు కేంద్రమే చందా కట్టే పథకం మొదలుపెట్టింది. మూడేళ్లకు 6,000 కోట్లు, 30 మంది ప్రచురణకర్తలు, దాదాపు 13,000 జర్నళ్లు. విశ్వవిద్యాలయంలో ఉన్న నా స్నేహితురాళ్లకు ఇది పెద్ద వరం. కానీ ఇది ప్రభుత్వ సంస్థలకే, అదీ జర్నళ్లకే. తిరుపతి చుట్టుపక్కల ప్రైవేటు కాలేజీల్లో చదివే వేలమంది పిల్లలకు ఇది లేదు. రోజూ వాళ్ల ముందు నిలబడే నాకు ఇది బాధగా ఉంటుంది. కంపెనీ లెక్కల డేటాబేస్‌లు ఇందులో రావు. వాటికి కాలేజీ విడిగా కట్టాలి, కట్టడం మానేస్తే మరుసటి రోజే లాగిన్ పోతుంది. నేను పీహెచ్‌డీ మధ్యలో ఉండగా ఒక డేటాబేస్ అలాగే ఆగిపోయింది. అప్పటిదాకా నోట్సు రాసుకున్నవే మిగిలాయి. అందుకే ఏ పట్టిక తీసినా తేదీ, వెతికిన మాటలు, ఎంచుకున్న ఫిల్టర్లు ఒక పుస్తకంలో రాసిపెడతాను.

మామయ్య ఫ్యాక్టరీ వాయిదా వేసుకున్నాడు. 2025 సీజన్‌లో పాత గుజ్జు నిల్వలున్నాయంటూ ఫ్యాక్టరీలు కాయ కొనడానికి వెనకాడాయి. కాయ కొనే ర్యాంపుల దగ్గర ట్రాక్టర్లు రోజుల తరబడి నిలబడ్డాయి. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలివ్వాలని, ప్రభుత్వం 4 కలుపుతుందని ప్రకటించాల్సి వచ్చింది. ఫ్యాక్టరీ పెట్టనందుకు సంతోషించే పరిస్థితి కాదు. ఆయన కాయలు కూడా ఆ ట్రాక్టర్లలోనే ఉన్నాయి.

ఆ నిల్వలు ముందే కనిపించి ఉండాల్సింది కదా అని మామయ్య నన్ను అడిగాడు. డేటాబేస్ లోపం ఇక్కడే ఉంది. మార్చి 31 లెక్కలకు ప్రైవేటు కంపెనీలు సెప్టెంబరు చివరిలోగా వార్షిక సమావేశం పెట్టి, మరో నెలలో దాఖలు చేస్తాయి. అవి డేటాబేస్‌లోకి ఎక్కేసరికి కాయ కోసి, అమ్మి, చెట్లకు ఎరువు కూడా వేసి ఉంటారు. మే చివరిలోగా లెక్కలు బయటపెట్టేవి స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన కంపెనీలే. కాబట్టి ఇప్పుడు మే నెలలో నేను వాటి సరుకు నిల్వ చూస్తాను. మామయ్య ర్యాంపులు, కోల్డ్ స్టోరేజీలు తిరిగి, డ్రైవర్లను అడిగి, ఏ గోడౌన్‌లో ఎన్ని డ్రమ్ములున్నాయో స్కూలు నోటుబుక్కులో రాసుకొస్తాడు. జూన్ మొదటివారంలో రెండూ ముందు పెట్టుకుని కూర్చుంటాం.