పిల్లల యాంటీబయాటిక్: పొడి సిరప్పా, కరిగే మాత్రా? ఏది మేలు?

చెవిపోటో న్యుమోనియానో చూసి, ఇది బ్యాక్టీరియా వల్లేనని డాక్టరు పాపకు అమాక్సిసిలిన్ రాశారనుకుందాం. (మామూలు జలుబు, దగ్గు చాలావరకు వైరస్ వల్ల వచ్చేవే, వాటి మీద ఈ మందు పని చెయ్యదు.) మందుల షాపులో ఇది రెండు రూపాల్లో దొరుకుతుంది. ఒకటి నీళ్లు పోసి కలుపుకునే డ్రై సిరప్. రెండోది చెంచాడు నీళ్లలో వేస్తే కరిగిపోయే డిస్పర్సిబుల్ మాత్ర. సిరప్ అంటే పిల్లల మందనీ, మాత్ర అంటే పెద్దవాళ్లదనీ మన ఇళ్లలో గట్టి నమ్మకం. నన్నడిగితే, కుదిరిన ప్రతిచోటా కరిగే మాత్రే మేలు. సిరప్ మంచి మందే, కానీ అందులో పొరపాటు జరగడానికి చోట్లు చాలా ఉన్నాయి, అవి చాలావరకు మన వంటింట్లోనే జరుగుతాయి.

ముందు కలపడం చూద్దాం. సీసాను అరచేతికేసి తట్టి పొడిని గుల్ల చెయ్యాలి, లేకపోతే అడుగున గడ్డకట్టి ఉండిపోతుంది. డబ్బాలో ఇచ్చిన స్టెరైల్ వాటర్ గానీ, కాచి చల్లార్చిన నీళ్లు గానీ సగం పోసి, బాగా ఊపి, నురగ అణిగాక మిగతావి గీత దాకా పొయ్యాలి. నురగ గీతను తాకగానే అయిపోయిందని ఆపేసేవాళ్లున్నారు, గీత దాటించేవాళ్లూ ఉన్నారు. 5 ఎంఎల్‌కు 250 మిల్లీగ్రాముల మందు ఉండాల్సిన 30 ఎంఎల్ సీసాలో నీళ్లు 36 దాకా పోశారనుకోండి, ఆ 250 కాస్తా దాదాపు 208 అవుతుంది. ప్రతి పూటా ఆరో వంతు మందు తగ్గిపోయినట్టే. గీత కంటే తక్కువ పోస్తే మోతాదు పెరిగిపోతుంది. కలిపాక కూడా మందు అడుగుకు దిగుతూనే ఉంటుంది కాబట్టి ప్రతిసారీ ఊపాల్సిందే. ఊపకుండా పోస్తే మొదటి రోజుల్లో పలచగా, చివరి రోజుల్లో చిక్కగా పడుతుంది.

వంటింటి చెంచాలు ఏ రెండూ ఒక్క కొలతలో ఉండవు. సిరప్ ఇవ్వక తప్పకపోతే సూదీ మూతా తీసేసిన కొత్త సిరంజితో కొలిచి, బుగ్గ లోపలి వైపు కొంచెం కొంచెంగా వదలండి. ఒక్కసారిగా గొంతులోకి కొడితే పొలమారుతుంది.

అన్నిటికంటే నాకు టెన్షన్ పెట్టేది సీసా మీది అంకె. అమాక్సిసిలిన్‌ను బ్యాక్టీరియా పాడుచెయ్యకుండా కాపాడే క్లావులనేట్ కూడా కలిసిన సిరప్ 228.5 అనీ, 457 అనీ (5 ఎంఎల్‌లో రెండు మందులూ కలిపి ఉండే మిల్లీగ్రాములు) రెండు బలాల్లో వస్తుంది. డాక్టరు మొదటిది మనసులో పెట్టుకుని "5 ఎంఎల్" అని రాసి, షాపులో రెండోది ఇస్తే బిడ్డకు రెట్టింపు పడుతుంది. డ్రాప్స్ సంగతి ఇంకా జాగ్రత్త. అమాక్సిసిలిన్ డ్రాప్స్‌లో ఒక్క ఎంఎల్‌కే 100 మిల్లీగ్రాములు ఉండొచ్చు. 5 ఎంఎల్‌కు 125 ఉండే సిరప్‌తో పోలిస్తే అది నాలుగు రెట్లు.

ఇక నీళ్లు కలిపాక క్లావులనేట్ ఉన్న సిరప్ ఫ్రిజ్‌లో ఉండాలి, ఏడు రోజులు దాటితే పారెయ్యాలి. రెంటచింతల ఎండల్లో, ఫ్రిజ్ లేని ఇంట్లోనో కరెంటు గంటల తరబడి పోయే ఊళ్లోనో ఇది ఎలా సాధ్యం?

మాత్రకు ఈ బాధలేవీ లేవు. ఇచ్చే ముందు వరకు స్ట్రిప్‌లోనే ఉంటుంది. ముందే తీసి పెడితే గాలిలోని తేమకే పాడవుతుంది. ఉగ్గుగిన్నెలో మాత్ర వేసి కాసిని చల్లటి మంచినీళ్లో, పసిబిడ్డయితే తల్లిపాలో పోస్తే కాసేపట్లో విచ్చుకుపోతుంది. మొత్తం తాగించి, గిన్నె అంచుకు అంటుకున్నదాన్ని ఇంకొన్ని నీళ్లతో కడిగి అదీ పట్టాలి. మందులో సగం అక్కడే ఆగిపోయే ఇళ్లు చూశాను.

చిన్న పిల్లల న్యుమోనియాకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందుకు తెచ్చిందీ ఈ 250 మిల్లీగ్రాముల కరిగే మాత్రనే. దాని పట్టికలో 10 నుంచి 14 కిలోల లోపు బిడ్డకు పూటకు రెండు మాత్రలు, రోజుకు రెండు పూటలు. ఐదు రోజులకు 20 మాత్రలు, చిన్న కవరులో పడతాయి. అదే మందు 250 సిరప్‌లో కావాలంటే పూటకు 10 ఎంఎల్, మొత్తం 100 ఎంఎల్. 30 ఎంఎల్ సీసాలు నాలుగు కొనాలి, నాలుగుసార్లు సరిగ్గా కలపాలి. ఒక్క సీసా కొని, అది అయిపోగానే మందు అయిపోయిందనుకునే ప్రమాదం ఇక్కడే ఉంది. ఈ లెక్క పోలిక కోసం చెప్పింది. మీ బిడ్డ మోతాదు డాక్టరే తేల్చాలి.

సిరప్ గెలిచే చోట్లూ ఉన్నాయి. నెలల పిల్లలకు 1.8 ఎంఎల్, 3.2 ఎంఎల్ లాంటి మోతాదులు రాసినప్పుడు మాత్రను అలా ముక్కలు చెయ్యలేం. కొన్ని మందులు కరిగే రూపంలో ఊళ్లో దొరకవు కూడా. అలాంటప్పుడు ఇవే రెండు మందులు కలిసిన పెద్దవాళ్ల 625 మిల్లీగ్రాముల మాత్రను నాలుగు ముక్కలు చేసే పని మాత్రం వద్దు. 457 సిరప్‌లో అమాక్సిసిలిన్‌కు ఏడో వంతు క్లావులనేట్ ఉంటే, 625లో నాలుగో వంతు ఉంటుంది. మోతాదు సరిపెట్టామనుకుంటాం, బిడ్డకు విరేచనాలు పట్టుకుంటాయి.

ఇంజెక్షన్ అయితే త్వరగా తగ్గుతుందని అడిగి వేయించుకునేవాళ్లకు ఒక్క మాట. నోటితో తీసుకోగలిగే బిడ్డకు చాలా జబ్బుల్లో నోటి మందే సరిపోతుంది. పాలు, నీళ్లు తాగలేకపోయినా, తాగిందంతా కక్కేస్తున్నా, డొక్కలెగరేస్తున్నా, మత్తుగా పడుకున్నా, ఫిట్స్ వచ్చినా ఇంట్లో ఏ మందూ పట్టకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మందు పడ్డాక ఒళ్లంతా దద్దుర్లొచ్చి పెదాలు వాచినా, ఆయాసం వచ్చినా అంతే, మందు ఆపి వెంటనే పరుగెత్తాలి.

ఏ రూపం తీసుకున్నా చీటీ మీద మూడు విషయాలు రాయించుకోండి: ఆ రోజు బిడ్డ బరువు, పూటకు ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని రోజులు. ఎంఎల్ ఒక్కటే రాసి ఉంటే సీసా మీది అంకె కూడా పక్కన వేయించండి. కౌంటరు దగ్గరే సీసాను చీటీ పక్కన పెట్టి చూసుకుని, అంకెలు కలవకపోతే మూత తియ్యకముందే వెనక్కి ఇచ్చెయ్యండి.