అమ్మ హెల్త్ పాలసీ, టీ నగర్ బ్రాంచి: 5కి 3

కంపెనీ పేరు రాయను. నెల్లూరులో ఉండే మా అమ్మకి మూడేళ్ల కిందట చెన్నైలో నేనే తీసుకున్న పాలసీ ఇది. సర్వీసుకి వంక పెట్టలేను. పోయిన నెల అమ్మకి ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. ముందురోజు బ్రాంచికి వెళ్తే కౌంటర్లో ఉన్నది సూళ్లూరుపేట పిల్ల. అమ్మని ఫ్యాను కింద కూర్చోబెట్టి, తెలుగులోనే అన్నీ అడిగి, ఫారం తనే నింపింది. మర్నాడు పొద్దున ఆస్పత్రి వాళ్లు క్యాష్‌లెస్‌కి పంపితే భోజనాల వేళకి అప్రూవల్ వచ్చేసింది.

మరి మూడే ఎందుకంటే, నేను ఆడిటర్ ఆఫీసులో లెక్కలు చూసేదాన్ని. రెన్యువల్ దగ్గర పడుతోందని కంపెనీ వెబ్‌సైట్లో పబ్లిక్ డిస్‌క్లోజర్స్ (అందరూ చూసేలా పెట్టే కంపెనీ లెక్కలు) తెరిచాను. (అవి పేజీ అడుగున చీమల బారులా ఉంటాయి. జిమ్ డిస్కౌంట్ మాత్రం పైనే గిరగిరా తిరుగుతుంటుంది.) సాల్వెన్సీ రేషియో 1.32. బీమా కంపెనీల్ని అదుపులో పెట్టే ఐఆర్‌డీఏఐ పెట్టిన కనీసం 1.5. కట్టాల్సినవన్నీ పోగా కంపెనీ చేతిలో మిగిలే ఆస్తి, ఉండాల్సిన మార్జిన్‌కి (కష్టకాలానికి అదనంగా ఉంచాల్సిన సొమ్ముకి) ఒకటిన్నర రెట్లు ఉండాలన్నమాట.

ఏజెంట్‌కి ఫోన్ చేశాను. "ఒకటి దాటింది కదక్కా, పాసే! అమ్మగారి క్లెయిమ్ వచ్చిందా లేదా?" అన్నాడు. పాస్ మార్కే ఒకటిన్నర తమ్ముడూ అంటే, పైవాళ్లని కనుక్కుంటానన్నాడు. పదకొండు రోజులైంది.

కంపెనీ దెబ్బతింటే పాలసీ గాల్లో కలిసిపోతుందని కాదు. 2019లో రిలయన్స్ హెల్త్ ఇన్సూరెన్స్ సాల్వెన్సీ పడిపోతే, మొదలుపెట్టి ఏడాది తిరిగిందో లేదో, కొత్త పాలసీలు అమ్మొద్దని ఐఆర్‌డీఏఐ ఆపేసి, ఉన్నవాటిని రిలయన్స్ జనరల్‌కి అప్పగించింది. అది చకచకా జరిగింది. సహారా లైఫ్‌కి 2017లోనే అడ్మినిస్ట్రేటర్‌ని, అంటే కంపెనీని నడిపే బయటి మనిషిని, వేశారు. చివరికి పాలసీలన్నీ ఎస్‌బీఐ లైఫ్‌కి ఇవ్వాలన్న ఆర్డరు 2023లో వచ్చింది, దాని మీద మళ్లీ ట్రిబ్యునల్ స్టే. మన పాలసీ ఏ దారిన పడుతుందో ముందే ఎవరు చెప్తారు? బ్యాంకు డిపాజిట్‌కైతే 5 లక్షల దాకా గ్యారంటీ ఉంది, ఇక్కడ అదీ లేదు. 68 ఏళ్ల మనిషి మోకాళ్లు ట్రిబ్యునల్ వాయిదాల కోసం ఆగవు.

అందుకే పోర్ట్ పెడుతున్నాను, అంటే పాలసీని వేరే కంపెనీకి మార్చుకుంటున్నాను. రెన్యువల్‌కి 45 రోజుల ముందే అప్లై చేయాలి, నాకింకా 52 ఉన్నాయి. గడిచిన మూడేళ్ల వెయిటింగ్ పీరియడ్ (కొన్ని జబ్బులకి క్లెయిమ్ ఇవ్వకుండా ఆగమనే కాలం) కొత్తచోటా లెక్కకొస్తుంది. తీసుకోవాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం కాబట్టి ఆ టెన్షన్ ఉంది. అమ్మకి మాత్రం ఇవేవీ పట్టలేదు. రెండో కంటికి వెళ్లినప్పుడు ఆ సూళ్లూరుపేట పిల్ల ఉంటుందా అని అడుగుతోంది.